థ కడుపులో చుక్క

ఒక తెర తెలుగుకు పనికొస్తుందో లేదో తేల్చడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. దాని మీద "ఆత్రేయపురం" అని మామూలు సైజులో టైపు చేసి, రోజూ కూర్చునే దూరంలోనే కూర్చుని చూడండి. తెలుగు లిపి తెరను పెట్టే ఇబ్బందులు చాలావరకు ఈ ఒక్క ఊరి పేరులోనే ఉన్నాయి. రెండో అక్షరం "త్రే": నడుమ త, నెత్తిన ఏత్వం, కింద ఎడమ పక్క నుంచి చుట్టుకొచ్చే క్రావడి. నాలుగోది "పు": ఇందులో ప తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా నిలబడాలి. ఆ సందు పూడుకుపోతే ప కాస్తా వ అయి కూర్చుంటుంది. ఈ పేరులో లేనిది ఒక్కటే, థ. ద, ధ, థ పక్కపక్కన రాసి చూస్తే ద కింద ఒక చిన్న గీత పెడితే ధ, ఆ ధ కడుపులో చుక్క పెడితే థ. ఆ చుక్క కనబడలేదంటే "కథ" చదివేవాడికి అది "కధ". అసలే తెలుగునాట చాలామంది దాన్ని అలాగే రాస్తున్నారు, తెర కూడా వాళ్ల పక్షం చేరితే ఇక చెప్పేదేముంది.

ఆత్రేయపురం అనగానే పూతరేకులు గుర్తొస్తాయి గానీ మానిటర్లు గుర్తు రావు. కానీ ఆ పూతరేకులకే 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, జయ రకం బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద లాగి రేకు తీసే ఆడవాళ్ల పని మారలేదు. మారింది పెట్టె. ఇవాళ ఆ పెట్టె కొరియర్‌లో హైదరాబాదు పోవాలి, బంధువుల సూట్‌కేసుల్లో డాలస్ పోవాలి. దాని మీద పేరు, బెల్లమా పంచదారా, నెయ్యి, జీడిపప్పు, తయారైన తేదీ, లైసెన్సు నంబరు అన్నీ చిన్న అక్షరాల్లో ఇరికించాలి. ఆ లేబుల్ ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని దిద్దాల్సిందే. ఇక 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఇళ్లకు చేరిన సాఫ్ట్‌వేర్ పిల్లల్లో కొందరు వారంలో కొన్ని రోజులైనా ఇప్పటికీ గోదావరి ఊళ్ల నుంచే పని చేస్తున్నారు. పద్నాలుగు అంగుళాల తెర మీద రోజుకు తొమ్మిది గంటలు వంగి కూర్చుంటే మెడ ఊరుకోదు. "ఒక పెద్ద మానిటర్ కొందాం" అనే మాట ఆ మెడ నొప్పిలోంచే పుడుతుంది. రాజమండ్రిలో కొట్టుకు వెళ్తే అక్కడివాళ్లు చెప్పేవి రెండు మాటలు: ఎన్ని అంగుళాలు, ఫోర్‌కేనా కాదా. ఈ రెండూ విడివిడిగా ఏమీ చెప్పవు. కలిపితే కొంత చెబుతాయి. వాటికి మూడోదైన దూరం, అంటే మీ కంటికీ తెరకూ మధ్య దూరం, చేరితేనే విషయం పూర్తవుతుంది.

కన్ను ఎంత సన్నగా చూడగలదు

కంటి డాక్టరు గోడకు తగిలించే అక్షరాల పట్టికను 1862లో డచ్చి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ తయారు చేశాడు. మనం "సిక్స్ బై సిక్స్" అనుకునే చూపు ఆయన లెక్కే. ఆరు మీటర్ల దూరం నుంచి సుమారు 8.7 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరాన్ని గుర్తుపట్టగలిగితే చూపు మామూలుగా ఉన్నట్టు. ఆ అక్షరంలో ఒక్కో గీత మందం కంటి దగ్గర చేసే కోణం ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. దాన్నే ఆర్క్‌మినిట్ అంటారు. రెటీనా నడిబొడ్డున, మనం సూటిగా చూసినప్పుడు బొమ్మ పడే చోట, శంకు కణాలు ఇంచుమించు అర ఆర్క్‌మినిట్ ఎడంలో కిక్కిరిసి ఉంటాయి. ఒక నల్లగీతను, దాని పక్కనున్న తెల్లని సందును వేరువేరుగా పట్టుకోవాలంటే ఒక్కోదానికి కనీసం ఒక కణమైనా కావాలి కదా. అందుకే హద్దు ఆ చుట్టుపక్కలే పడింది.

ఈ కోణాన్ని తెర మీదికి దించుదాం. అరవై సెంటీమీటర్ల దూరంలో ఒక ఆర్క్‌మినిట్ అంటే 0.17 మిల్లీమీటర్లు. పిక్సెల్ అంతకన్నా చిన్నదైతే మామూలు చూపున్నవాడు దాన్ని విడిగా చూడలేడు. పెద్దదైతే అక్షరం అంచున మెట్లు కనబడతాయి. లెక్క సులువు కావాలంటే 8,730ను మీరు కూర్చునే దూరంతో, సెంటీమీటర్లలో, భాగించండి. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు కావాలో వచ్చేస్తుంది. అరవై సెంటీమీటర్లకు 145. డెబ్బైకి 125. ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో పట్టుకునే ఫోన్‌కు 291. 2010లో ఐఫోన్ 4ను చూపిస్తూ స్టీవ్ జాబ్స్ చెప్పింది ఈ లెక్కే. ఆ ఫోన్ సాంద్రత అంగుళానికి 326. ఇవాళ చవక ఫోన్ కూడా, ఆరున్నర అంగుళాల తెరలో 720 x 1600 పిక్సెళ్లుంటే, 270 ఇస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన తెలుగు ఫోన్‌లో తేటగా ఉండి, అదే మెసేజ్ ఆఫీసు మానిటర్ మీద నలిగినట్టు కనబడటానికి కారణం ఇదే. ఆ మానిటర్ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ అయితే దాని సాంద్రత అంగుళానికి 92 మాత్రమే. ఒక్కో పిక్సెల్ 0.28 మిల్లీమీటర్లు. అంటే అరవై సెంటీమీటర్ల నుంచి చూసేవాడికి కావలసిన దానికన్నా ఒకటిన్నర రెట్లు లావు.

ఒక ఆర్క్‌మినిట్ అనేది చూపుకు ఆఖరి హద్దు కాదు. రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయా, ఒకటి కాస్త పక్కకు జరిగిందా అని కనిపెట్టడంలో మన కన్ను ఇంకా సూక్ష్మం. ఆర్క్‌మినిట్‌లో ఆరో వంతు కన్నా చిన్న తేడానూ పట్టేస్తుంది. మెదడు చాలా కణాల సమాచారాన్ని కలిపి లెక్కగట్టడం వల్ల సాధ్యమయ్యే పని అది. ఇంగ్లిషులో చాలా అక్షరాలకు నిలువు గీతలుంటాయి. నిలువు గీత పిక్సెళ్ల వరుసలో చక్కగా ఒదుగుతుంది కాబట్టి మెట్లు రావు. మన లిపి అంతా వంపులే. అ నుంచి ఱ దాకా ఏ అక్షరం తీసుకున్నా ఎక్కడో ఒకచోట గుండ్రంగా తిరగాల్సిందే, అలా తిరిగిన ప్రతిచోటా మెట్లు పడతాయి. ఒకే మానిటర్ మీద ఇంగ్లిషు బాగానే కనబడి తెలుగు గరుకుగా అనిపిస్తే మీ కళ్లను అనుమానించకండి.

కింద వత్తు, పైన గుడి

1987లో వచ్చిన వీజీఏ తెర 640 x 480. అందులో ఒక్కో ఇంగ్లిషు అక్షరానికి కేటాయించిన గడి ఇంచుమించు ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు, పదహారు ఎత్తు. అందులో ఏ, బీ, సీలు హాయిగా సర్దుకున్నాయి. "స్త్రీ"ని ఆ గడిలో రాయమంటే? స, దాని కింద త-వత్తు, పక్కన క్రావడి, పైన గుడిదీర్ఘం. పదహారు పిక్సెళ్ల ఎత్తులో మూడు వరుసలు పేర్చాలి, వాటి మధ్య సందులూ మిగలాలి. అందుకే 1980ల చివరలో సీ-డ్యాక్ వాళ్ల జిస్ట్ కార్డు లాంటివి వచ్చి, భారతీయ లిపులకు కంప్యూటర్‌లో వేరే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. తర్వాత పేజ్‌మేకర్, అను ఫాంట్ల కాలంలో రాజమండ్రి డీటీపీ కేంద్రాల్లో తప్పులు దిద్దడం తెర మీద కాకుండా కాగితం మీదే సాగేది. లేజర్ ప్రింటర్ అంగుళానికి 300 చుక్కలు వేస్తుంటే తెర వందలోపే తిప్పలు పడేది. మ, వు రెండిట్లో ఏది ఏదో తెర మీద పోల్చుకోలేక ప్రూఫ్ తీసి చూసేవాళ్లు.

తెలుగు ఫాంటు తయారుచేసేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. పన్నెండు పాయింట్ల అక్షరం అంటే మొత్తం నాలుగు మిల్లీమీటర్లకు కొంచెం పైన. ఆ చోటులోనే నెత్తిమీది గుడికి, కాళ్ల దగ్గరి వత్తుకు జాగా వదలాలి. మిగిలినదే అసలు అక్షరానికి. అందుకే ఒకే పాయింట్ సైజులో ఇంగ్లిషు కన్నా తెలుగు చిన్నగా కనబడుతుంది. అసలు అక్షరానికి ఉజ్జాయింపుగా రెండు మిల్లీమీటర్లు దక్కిందనుకోండి. 92 సాంద్రత తెర మీద అది ఏడెనిమిది పిక్సెళ్ల ఎత్తు. థ కడుపులో చుక్కకు వచ్చేది ఒకే ఒక్క పిక్సెల్. అది కూడా గీతలకు మధ్యన కుదురుగా పడకపోతే బూడిద రంగు మచ్చగా మిగులుతుంది. అదే సైజు అక్షరం 163 సాంద్రత తెర మీద పదమూడు పిక్సెళ్ల ఎత్తుంటుంది. చుక్కకు అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మొత్తం నాలుగు పిక్సెళ్లు దొరుకుతాయి. చుట్టూ తెల్లటి సందు కూడా మిగులుతుంది.

ఈ కొరత తీర్చడానికి సాఫ్ట్‌వేర్ కొన్ని ఉపాయాలు పన్నింది. 1998లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన క్లియర్‌టైప్ వాటిలో పేరున్నది. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు పక్కపక్కన నిలువుగా ఉంటాయి కదా, వాటిని విడివిడిగా వెలిగిస్తే అడ్డంగా మూడింతల సన్నదనం వచ్చినట్టవుతుంది. ఇంగ్లిషుకు ఇది వరమే అయింది. మనకు మాత్రం సగం మేలే, ఎందుకంటే పెరిగేది అడ్డం కొలత, మన తెలుగు ఇరుకంతా నిలువునా. వత్తు కింద, గుడి పైన. ఆపిల్ వాళ్లు 2018లో మాక్ మొజావే నుంచి ఈ పట్టీల కిటుకును తీసేశారు. పిక్సెళ్లు దట్టంగా ఉన్న తెరలకు దాని అవసరం లేదని వాళ్ల లెక్క. ఆ మాట నిజమే గానీ, మాక్‌బుక్‌కు పాత ఫుల్ హెచ్‌డీ మానిటర్ తగిలించినవాళ్లకు తెలుగు ఒక్కసారిగా మసకేసింది.

కొట్టులో దొరికేవాటిని ఈ కొలతతో చూస్తే రంగు తేలిపోతుంది. 27 అంగుళాల్లో ఫుల్ హెచ్‌డీ ఇచ్చేది 82. తెర పెద్దది, పిక్సెళ్లు అవే, అక్షరం ఇంకా గరుకు. అదే 27లో 2560 x 1440 అయితే 109. ఫోర్‌కే, అంటే 3840 x 2160, అయితే 163. ముప్ఫైరెండు అని అమ్మే ముప్ఫైఒకటిన్నర అంగుళాల్లో ఫోర్‌కే 140. ఇది డెబ్బై సెంటీమీటర్ల దూరానికి చాలు. ఆపిల్ వాళ్ల 27 అంగుళాల ఫైవ్‌కే తెరలు 218. మీ ల్యాప్‌టాప్ 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ అయితే దాని సాంద్రత 157. కాబట్టి దాని పక్కన 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ పెట్టగానే "కొత్తదే నాసిగా ఉందేమిటి" అనిపిస్తుంది. మానిటర్‌లో లోపమేమీ లేదు, ఆ తెర మొదటి నుంచీ అంతే.

నలభై దాటినవాళ్లకు ఒక మాట. చత్వారం వచ్చాక సన్న అక్షరం కనబడకపోవడానికి కారణం పిక్సెల్ కాదు, కంటిలోని కటకం. ఫోర్‌కే కొన్నంత మాత్రాన అక్షరం పెద్దదవదు. పైగా సెట్టింగులు మార్చకపోతే చీమతలంత అవుతుంది. విండోస్‌లో డిస్‌ప్లే స్కేల్‌ను 150 శాతం చేస్తే 27 అంగుళాల ఫోర్‌కే తెర మీద 1440 తెరలో పట్టేంత సామానే పడుతుంది, కానీ ఒక్కో అక్షరాన్ని రెండింతలకు పైగా పిక్సెళ్లతో గీస్తుంది. 175 చేసినా మునిగిపోయేది లేదు. మాక్ పద్ధతి వేరు. బొమ్మను ముందు ఫైవ్‌కే సైజులో గీసుకుని, తర్వాత ఫోర్‌కేకు కుదిస్తుంది. అందులో కొంచెం మెత్తదనం వస్తుంది. ఫైవ్‌కే తెరకు మాక్ వాడకందార్లు ఎక్కువ డబ్బు పెట్టేది ఇందుకే. తెలుగు చదివే కంటికి ఆ తేడా కోసం అంత ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం.

కన్నంలో కథ

మా మేనకోడలు హైదరాబాదు కంపెనీకి ఆత్రేయపురంలోని ఇంటి నుంచే పని చేస్తుంది. 27 అంగుళాల ఫోర్‌కే మానిటర్ కొంది. పెట్టిన రోజు సాయంత్రం ఫోన్ చేసింది.

"మావయ్యా, బొమ్మ బాగానే ఉంది గానీ మౌస్ ఈడుస్తోంది. చెయ్యి ఇక్కడుంటే బాణం వెనకాల ఎక్కడో వస్తోంది."

"ఏ కన్నంలో పెట్టావే?"

"ల్యాప్‌టాప్‌కి టైప్-సీ హబ్ ఉంది కదా, దాని హెచ్‌డీఎంఐలో."

"డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేటు ఎంతుందో చెప్పు."

"ముప్ఫై."

ఆ ముప్ఫైలోనే ఉంది తంటా. లెక్క చూడండి. ఫోర్‌కే తెరలో 82,94,400 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ రంగుకు 24 బిట్లు. సెకనుకు అరవై సార్లు ఆ బొమ్మంతా పంపాలంటే సుమారు 1,200 కోట్ల బిట్లు తీగలోంచి పోవాలి. బొమ్మకూ బొమ్మకూ మధ్య విరామం కూడా కలుపుకుంటే ఇంకాస్త ఎక్కువ. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4లోంచి బొమ్మకు పనికొచ్చేది సెకనుకు 816 కోట్ల బిట్లే. చాలదు. అప్పుడు ల్యాప్‌టాప్ ఏ గొడవా చెయ్యదు. ఎర్రలైటూ వెలగదు. చప్పుడు కాకుండా అరవైని ముప్ఫై చేసుకుంటుంది. సినిమా చూస్తే తేడా తెలియదు, సినిమా సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములే. మౌస్ కదిపితేనో, పేజీ జరిపితేనో తెలుస్తుంది, అక్షరాలు ఎగిరెగిరి పడతాయి. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0కి 1,440 కోట్లు, కాబట్టి అది చాలు.

టైప్-సీ కన్నం మరీ మాయలమారి. బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. కొన్ని ఛార్జింగ్‌కూ ఫైళ్లకూ తప్ప బొమ్మకు పనికిరావు. బొమ్మ పంపగలిగేవాటిలో డిస్‌ప్లేపోర్ట్ సంకేతం వెళ్లడానికి నాలుగు దారులుంటాయి. హబ్‌కు పెన్‌డ్రైవ్ కన్నాలు కూడా ఉంటే అది చాలాసార్లు రెండు దారులను వాటికి ఇచ్చేసి బొమ్మకు రెండే మిగులుస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 మీద నడిచే హబ్‌లో ఆ రెండు దారులు మోసేది 864 కోట్ల బిట్లు. ఫోర్‌కే అరవైకి చాలదు. 1.4 అయితే రెండు దారుల్లోనే 1,296 కోట్లు పోతాయి. ఇరుకుగానే అయినా సరిపోతుంది. మా మేనకోడలికి చెప్పింది ఒక్కటే, హబ్ పక్కన పెట్టి, మానిటర్ పెట్టెలో వచ్చిన టైప్-సీ కేబుల్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌లో గుచ్చమని. ఆ కేబుల్ అట్టపెట్టె అడుగున అప్పటికి విప్పకుండానే ఉంది. గుచ్చగానే అరవై వచ్చింది. ల్యాప్‌టాప్ ఛార్జింగ్ కూడా అదే తీగలో ఎక్కడం మొదలైంది.

ఆ ఛార్జింగ్ మాట మానిటర్ కొనేముందే చూసుకోవాలి. మీ ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద 65 వాట్లని ఉంటే, మానిటర్ టైప్-సీ కనీసం 65 వాట్లు ఇవ్వాలి. పదిహేను వాట్లిచ్చే టైప్-సీలు కూడా అదే పేరుతో అమ్ముతారు. వాటితో ల్యాప్‌టాప్ సాయంత్రానికి బ్యాటరీ అయిపోయి ఆరిపోతుంది. మామూలు ఎమ్1, ఎమ్2 చిప్పుల మాక్‌బుక్‌లు బయటి తెర ఒక్కదాన్నే ఒప్పుకుంటాయి. రెండు కొందామనుకునేవాళ్లు అది ముందే తెలుసుకోవడం మంచిది.

"ఫోర్‌కే మానిటర్ పెడితే నెట్ ఎక్కువ కావాలా?" అని ఊళ్లో చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఆ 1,200 కోట్ల బిట్లు పోయేది మీ బల్ల మీది మీటరు తీగలోనే, వీధిలోని తీగలో కాదు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు ఇచ్చిన 149 రూపాయల ప్లాన్‌లో వేగం సెకనుకు 15 మెగాబిట్లు. ఆ వేగంతో వచ్చే ఆఫీసు పని ఫోర్‌కే తెర మీదా ఫుల్ హెచ్‌డీ తెర మీదా ఒకలాగే నడుస్తుంది. యూట్యూబ్‌లో వీడియోను ఫోర్‌కేలో చూస్తే తప్ప నెట్‌కు అదనపు భారమేదీ పడదు.

రేకుల మధ్య వెలుతురు

ఎల్‌సీడీ తెరను విప్పి చూస్తే పూతరేకే: పొర మీద పొర. వెనక ఎల్ఈడీ దీపాలు, ఆ వెలుతురును తెరంతా పరిచే పలక, దాని మీద వెలుతురును చెదరగొట్టే, ముందుకు తిప్పే రేకులు, ఆ పైన పోలరాయిడ్ పొర, గాజు, గాజుకూ గాజుకూ మధ్య నాలుగైదు మైక్రాన్ల మందాన ద్రవస్ఫటికం, రంగుల జల్లెడ, మళ్లీ పోలరాయిడ్. ద్రవస్ఫటికాన్ని 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ రైనిట్జర్ కనుక్కున్నాడు. కరిగి ద్రవమయ్యాక కూడా అణువులు ఒక పద్ధతిలో వరుస కట్టి ఉండే పదార్థం అది. విద్యుత్తుతో ఆ వరుసను తిప్పితే వెలుతురు పోతుంది, ఆగుతుంది. పుల్లల్లా ఉండే అణువులే ఇలా వరుస కడతాయని అంతా అనుకుంటున్న రోజుల్లో, 1977లో బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో శివరామకృష్ణ చంద్రశేఖర్ బృందం బిళ్లల్లాంటి అణువులు కూడా ఒకదానిపై ఒకటి పేర్చుకుని ద్రవస్ఫటికమవుతాయని చూపింది. ఆ బిళ్లల జాతి పదార్థంతో చేసిన రేకునే తర్వాత ఎల్‌సీడీల మీద అంటించి, పక్క నుంచి చూసినా బొమ్మ వెలిసిపోకుండా చేశారు. మన దేశపు పరిశోధన ఒకటి అలా ప్రపంచంలోని కోట్ల తెరల్లో పలచని పొరగా చేరింది.

అణువులను అడ్డంగా తిప్పే ఐపీఎస్ పద్ధతి 1990ల మధ్యలో హిటాచీ నుంచి వచ్చింది. చదవడానికి, రాయడానికి అదే నా ఎంపిక. వీఏ తెరలో నలుపు ఇంకా చిక్కగా ఉంటుంది, సినిమాలకు బాగుంటుంది. ఓఎల్ఈడీ అన్నిటికన్నా అందం, కానీ మానిటర్లలో వచ్చే చాలా ఓఎల్ఈడీ పలకల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు మామూలు వరుసలో ఉండవు. విండోస్ ఆ వరుస ఉందనుకుని అక్షరం గీస్తుంది కాబట్టి అంచున రంగు ఛాయలు కనబడతాయి. పైగా రోజంతా ఒకే చోట నిలిచే టాస్క్‌బార్ ముద్ర పడిపోయే భయమొకటి. చదువుకునే బల్లకు అది అనవసరం.

కొబ్బరితోటల మధ్య ఇళ్లలో ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. వీధి అరుగు వైపు కిటికీ ఉన్న గదిలో తెర వీపు కిటికీకి పెట్టకండి, ముఖమూ పెట్టకండి. కిటికీ పక్కగా ఉండాలి. తెర నిగనిగలాడేది కాకుండా మ్యాట్‌ది కావాలి, వెలుగు 350 నిట్లు ఉంటే మంచిది. రెండోది, వానాకాలంలో వరిచేల మీదుగా వచ్చే దీపం పురుగులు. వాటిలో మరీ చిన్నవి మానిటర్ వెనక గాలి సందుల్లోంచి దూరి, ఆ రేకుల మధ్యకు చేరతాయి. తెర మీద నల్లచుక్క నడుస్తూ కనబడితే వేలితో నొక్కొద్దు. నొక్కితే అక్కడే చచ్చి, ఏ గుడ్డతో తుడిచినా పోని ఫుల్‌స్టాప్ అయిపోతుంది. తెర ఆర్పేసి, గదిలో వేరే దీపం వెలిగించి పెడితే చాలాసార్లు తనంతట తనే బయటికి పోతుంది. రాత్రిళ్లు పని చేసేవాళ్లు కిటికీకి దోమల జాలీ బిగించుకోవడం దోమలకన్నా తెర కోసమే ఎక్కువ అవసరం.

కరెంటు సంగతికి వస్తే, 27 అంగుళాల ఫోర్‌కే తెర మామూలు వెలుగులో ముప్ఫై నలభై వాట్లు తాగుతుంది, ఒక పాత రకం సీలింగ్ ఫ్యాను కన్నా తక్కువ. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే తెరను అదే లాగుతుంది.

రాజమండ్రిలో కొని ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా బండి మీద తెచ్చుకునేవాళ్లు పెట్టెను నిలబెట్టే పట్టుకోవాలి. పడుకోబెట్టి దాని మీద ఇంకేదైనా పెడితే గాజు లోపలే పగులుతుంది, బయటికి ఏమీ కనబడదు. కొట్టులోనే తెర వెలిగించి, మొత్తం తెలుపు, మొత్తం నలుపు, మొత్తం ఎరుపు బొమ్మలు ఒక్కొక్కటి పెట్టించి, చచ్చిన పిక్సెళ్లున్నాయేమో చూసుకోండి. చాలా కంపెనీలు ఒకటి రెండు చచ్చిన పిక్సెళ్లకు తెర మార్చి ఇవ్వవు.

ఏది కొనాలి అనే ప్రశ్నకు నా జవాబు ఇది. తెలుగు చదవడం, రాయడం, లేబుల్ దిద్దడం మీ పనైతే 27 అంగుళాల ఫోర్‌కే ఐపీఎస్, 65 వాట్లు ఇచ్చే టైప్-సీతో. బల్ల లోతుగా ఉండి డెబ్బై సెంటీమీటర్లు వెనక్కి కూర్చోగలిగితే 32 అంగుళాల ఫోర్‌కే కూడా అంతే మంచిది. డబ్బు చాలకపోతే 27లో 1440కి దిగండి, 109 సాంద్రత ఏమంత గొప్ప కాకపోయినా వత్తులు విడిగానే కనబడతాయి. పని అంతా ఎక్సెల్ అంకెలే అయితే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీతో సరిపెట్టుకోవచ్చు. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా తెలుగు చదివే ఇంట్లోకి తేకండి.